గర్భవతుల పాద సంరక్షణ

శరీరానికంతటికీ ఆధారమై ఉండి కూడ మన దృష్టికి అతి తక్కువగా వచ్చే అవయవం పాదం. ముల్లు గుచ్చుకొంటేనో, గోరు చిట్లితేనో తప్ప మనం దానిని తలచుకోము. గర్భం ధరించిన స్త్రీ విషయంలో ఇట్టి అలక్ష్యం తగదు. ఆ తొమ్మిది నెలలలో ఆమె రక్తంలో, సిరలలో, కీళ్ళలో జరిగే మార్పులు ఏదో ఒక రూపంలో పాదాల మీద కనిపిస్తాయి.

"కడుపుతో ఉన్నప్పుడు కాళ్ళకు నీరు పట్టడం మామూలే" అని మన ఇండ్లలో పెద్దవారు అంటూ ఉంటారు. ఈ మాట చాలావరకు నిజం. కాని ఈ మాటనే నమ్ముకొని, ప్రమాదకరమైన వాపును కూడ మామూలు వాపుగానే భావించి ఊరుకొంటే, తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం కలుగవచ్చును. మామూలు వాపు ఏది, కానిది ఏది అని గుర్తుపట్టడానికి గొప్ప వైద్యవిద్య అక్కరలేదు. ఉన్నత పాఠశాలలో నేర్చుకొనే భౌతికశాస్త్రం ఇందుకు చాలావరకు సరిపోతుంది.

రక్తస్తంభం బరువు

మొదట ఒక చిన్న ప్రయోగం చేయండి. ఒక చేతిని క్రిందికి వ్రేలాడవేసి, రెండవ చేతిని తలపైకి ఎత్తి, రెండు నిమిషాలు అట్లే ఉంచండి. తరువాత రెండు చేతులనూ వెంటనే ప్రక్కప్రక్కన పెట్టి చూడండి. వ్రేలాడిన చేతి మీద సిరలు ఉబ్బి, రంగు ముదిరి ఉంటుంది. ఎత్తిన చెయ్యి తెల్లబారి, సిరలు అణగి ఉంటాయి. గుండెకు దిగువనున్న సిరలలో రక్తం తన బరువుతోనే నిలిచిపోతుందని దీనివలన తెలుస్తుంది.

పాదంలో ఈ పీడనం ఎంత? నిలబడిన స్త్రీకి గుండె నుండి పాదం వరకు ఉన్న ఎత్తు సుమారు 110 సెంటీమీటర్లు అనుకొందాం. రక్తం సాంద్రత నీటికంటె కొంచెం ఎక్కువ: ఘనపు సెంటీమీటరుకు 1.06 గ్రాములు. పాదరసం సాంద్రత 13.6 గ్రాములు. 110ని 1.06తో హెచ్చించి 13.6తో భాగిస్తే సుమారు 8.6 వస్తుంది. అనగా పాదంలోని సిరలపై 8.6 సెంటీమీటర్ల, లేక 86 మిల్లీమీటర్ల పాదరస స్తంభమంత బరువు అదనంగా పడుతున్నదన్నమాట. పడుకొన్నప్పుడు గుండె, పాదం ఒకే మట్టంలో ఉంటాయి గనుక ఈ అదనపు పీడనం దాదాపు పోతుంది.

ఇంత పీడనాన్ని తట్టుకొని రక్తం పైకి ఎట్లా ఎక్కుతున్నది? సిరలలో కవాటాలు ఉన్నాయి. వీటిని వర్ణిస్తూ ఇటలీ దేశపు శరీరశాస్త్రజ్ఞుడు ఫాబ్రిసియస్ 1603లో ఒక గ్రంథం ప్రకటించాడు. ఆయన శిష్యుడు విలియం హార్వే 1628లో రక్తప్రసరణను నిరూపించినప్పుడు, ఈ కవాటాలు రక్తాన్ని గుండెవైపుకే పోనిస్తాయని చూపించాడు. మనం నడిచినప్పుడు పిక్క కండరాలు బిగిసి సిరలను నొక్కుతాయి. రక్తం పై కవాటాన్ని దాటుతుంది. మరి వెనుకకు రాలేదు. ఈ కారణంచేతనే పిక్కను "రెండవ గుండె" అంటారు. కదలక నిలబడినప్పుడు 86 మిల్లీమీటర్లుండే పీడనం నడుస్తున్నప్పుడు 30కి లోపే ఉంటుంది.

గర్భంతో వచ్చే మార్పులు

గర్భవతి శరీరంలో ఈ ఏర్పాటుపై నాలుగు విధాలుగా భారం పెరుగుతుంది.

మొదటిది, రక్తం పరిమాణం. పిండ పోషణ కొరకు తల్లి రక్తం నూటికి 40 నుండి 50 వంతులు పెరుగుతుంది. శరీరంలో నిలువయ్యే నీరు మొత్తం 6 నుండి 8 లీటర్లు అధికమవుతుంది.

రెండవది, గర్భాశయం బరువు. కాళ్ళ నుండి రక్తాన్ని గుండెకు చేర్చే పెద్ద సిర వెన్నెముకకు కొంచెం కుడివైపుగా పోతుంది. పెరిగిన గర్భాశయం దానిని నొక్కుతుంది. నీరు పారుతున్న రబ్బరు గొట్టాన్ని మధ్యలో అదిమిపడితే వెనుక భాగంలో పీడనం ఎట్లా పెరుగుతుందో, ఇక్కడ కాలి సిరలలో అట్లే పెరుగుతుంది.

మూడవది, రక్తరసం పలుచబడడం. రక్తరసంలోని ఆల్బుమిన్ అనే మాంసకృత్తు నీటిని రక్తనాళాలలోకి లాగి నిలుపుతుంది. కేశనాళికల లోపలి పీడనం నీటిని బయటికి తోస్తూ ఉంటే, ఆల్బుమిన్ లోపలికి లాగుతూ ఉంటుంది. ఈ రెంటి మధ్య తూకమే కణజాలంలో నీరు ఎంత ఉండాలో నిర్ణయిస్తుందని ఇంగ్లండుకు చెందిన ఎర్నెస్టు స్టార్లింగు 1896లో ప్రతిపాదించాడు. గర్భవతిలో రక్తరసం పెరిగి ఆల్బుమిన్ పలుచబడుతుంది. తూకం బయటివైపు మొగ్గుతుంది. చీలమండల చుట్టూ చేరే నీరు ఇదే.

నాలుగవది, బంధకాలు సడలడం. గర్భకాలపు హార్మోన్ల ప్రభావంచేత కీళ్ళను పట్టి ఉంచే బంధకాలు కొంత మెత్తబడతాయి. పైన బరువు పెరగడం, క్రింద బంధకాలు సడలడం — ఈ రెండూ కలిసి అరికాలి వంపును అణచివేస్తాయి. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు 49 మంది స్త్రీల పాదాలను గర్భం తొలి నెలలలోను, ప్రసవమైన ఐదు నెలలకును కొలిచి, 2013లో ఫలితాలు ప్రకటించారు. చాలమందిలో పాదం కొన్ని మిల్లీమీటర్లు పొడవు పెరిగి, వంపు తగ్గి, ప్రసవం తరువాత కూడ అట్లే ఉండిపోయింది. "కాన్పు తరువాత పాత చెప్పులు పట్టడం లేదు" అని స్త్రీలు అనడం వట్టి ఊహ కాదన్నమాట.

మామూలు వాపుకు మూడు గుర్తులు

పై కారణాలను గ్రహించినవారికి మామూలు వాపు ఎట్లా ప్రవర్తించాలో తెలిసిపోతుంది. అది గురుత్వాకర్షణవలన వచ్చినది గనుక పాదాలకు, చీలమండలకు పరిమితమై ఉండాలి. పెద్ద సిరపై ఒత్తిడివలన వచ్చినది గనుక రెండు కాళ్ళలోను ఇంచుమించు సమానంగా ఉండాలి. నిలబడడంవలన పెరిగేది గనుక సాయంకాలానికి ఎక్కువై, రాత్రి పడుకొని లేచేసరికి బాగా తగ్గాలి. ఈ మూడు గుర్తులను తప్పిన వాపును అనుమానించవలెను.

వాపు ముఖానికీ, చేతివేళ్ళకూ పాకినా, ఒక్కసారిగా పెరిగినా, ఉదయానికి తగ్గకపోయినా, రక్తపు పోటు హెచ్చిందేమో వెంటనే చూపించాలి. గర్భం 20 వారాలు దాటిన తరువాత రక్తపు పోటు 140/90కి చేరి, దానితోబాటు మూత్రంలో మాంసకృత్తులు పోవడంగాని, కాలేయం, మూత్రపిండాలు మొదలైనవి దెబ్బతినడంగాని జరిగే వ్యాధి ఒకటున్నది. తీవ్రమైన తలనొప్పి, చూపు మసకబారడం, కళ్ళముందు మెరుపులు, కుడివైపు ప్రక్కటెముకల క్రింద నొప్పి దీని హెచ్చరికలు. ముదిరితే మూర్ఛలు వస్తాయి. మన పల్లెలలో దీనినే గుర్రపువాతం అంటారు. వాపు ఏమాత్రం లేకుండా కూడ ఈ వ్యాధి రావచ్చును. కాళ్ళు బాగానే ఉన్నవిగదా అని రక్తపు పోటు కొలిపించుకొనడం మానరాదు.

సకాలంలో గుర్తిస్తే దీనికి ఉపాయం ఉన్నది. 33 దేశాలలో సుమారు 10,000 మంది స్త్రీలపై జరిగిన ఒక పెద్ద పరిశోధన ఫలితాలు 2002లో వెలువడ్డాయి. ఈ వ్యాధి ఉన్నవారికి మెగ్నీషియం సల్ఫేటు ఇస్తే మూర్ఛలు వచ్చే అవకాశం సగానికి పైగా తగ్గుతుందని అందులో తేలింది. రసాయనశాస్త్ర ప్రయోగశాలలో మనం చూచే ఆ తెల్లని లవణమే ఇక్కడ ప్రాణరక్షకమవుతున్నది. కాని మందు ఉన్న చోటికి మనిషి వేళకు చేరాలి.

వాపు ఒక కాలికే వచ్చి, పిక్కలో నొప్పి, వేడి, ఎరుపు కనిపిస్తే లోపలి సిరలో రక్తం గడ్డకట్టినదేమో అని అనుమానించాలి. గర్భకాలంలో రక్తానికి గడ్డకట్టే స్వభావం ఎక్కువవుతుంది. ఇట్టి గడ్డలు ఎడమ కాలిలోనే ఎక్కువగా ఏర్పడతాయి. ఆ వైపు సిరపైనుండి ఒక ధమని దాటిపోతూ దానిని వెన్నెముకకు అదమడం ఇందుకొక కారణం. ఆ కాలిని నూనెపెట్టి మర్దన చేయరాదు; గడ్డ కదిలి ఊపిరితిత్తులకు పోయే ప్రమాదమున్నది. ఆయాసం, ఛాతీనొప్పి కూడ ఉంటే ఆలస్యం చేయక 108కి ఫోను చేయవలెను.

వాపుకు ఉపచారం

మామూలు వాపుకు ఉపచారం దాని కారణాలలోనే ఉన్నది. చాలసేపు కదలక నిలబడరాదు. కాళ్ళు వ్రేలాడవేసికొని గంటలకొద్దీ కూర్చోరాదు. పాఠం చెప్పే ఉపాధ్యాయిని, దుకాణంలో నిలబడే స్త్రీ, వంటయింటిలో పనిచేసే గృహిణి — వీరందరూ నడుమ నడుమ నాలుగడుగులు వేయడం, మడమలెత్తి దించడం అలవాటు చేసికొంటే పిక్క కండరం తన పని తాను చేస్తుంది. రోజులో రెండుమూడుసార్లు పదిహేను ఇరవై నిమిషాలు దిండ్లపై కాళ్ళెత్తి విశ్రమించాలి. అప్పుడు వెల్లకిల కాక, ఎడమప్రక్కకు ఒత్తిగిలి పడుకొంటే పెద్ద సిరపై భారం తగ్గుతుంది. డాక్టరు చెప్పినట్లయితే బిగుతైన సాగే మేజోళ్ళను ఉదయం మంచం దిగకముందే తొడుగుకోవాలి. నీరు దిగిన తరువాత తొడిగితే ప్రయోజనం తక్కువ.

రాత్రులు పిక్కలు పట్టినప్పుడు మోకాలు చాచి, కాలివ్రేళ్ళను తనవైపుకు లాగుకొంటే కండరం సాగి నొప్పి వదులుతుంది.

నీరు పట్టినదని కొందరు గర్భవతులను నీళ్ళు తాగవద్దంటారు. ఉప్పు పూర్తిగా మాన్పిస్తారు. ఇది పొరపాటు. వాపు తాగిన నీటివలన వచ్చినది కాదు. నీరు తగ్గిస్తే మలబద్ధకం, మూత్రంలో మంట వస్తాయి గాని వాపు తీయదు. ఊరగాయలు, అప్పడాలవంటి అధికమైన ఉప్పు తగ్గించుకొనడం ఎవరికైనా మంచిదే; కూరలో ఉప్పు మానవలసిన పని లేదు.

మట్టెలు, పట్టీలు, చెప్పులు

వాచిన వ్రేలికి మట్టె బిగిస్తే అది కట్టుగా మారుతుంది. మొదట సిరలు మూసికొని రక్తం బయటికి పోలేదు. అందువలన వ్రేలు ఇంకా వాస్తుంది. వాచినకొద్దీ మట్టె ఇంకా బిగుస్తుంది. చివరకు రంపంతో కోసి తీయవలసి రావచ్చును. మట్టె తీయడం అశుభమని శంకించే ఇండ్లలో, అయిదవ నెలలోనే వదులైన మట్టెలకు మార్చుకొంటే ఆచారమూ నిలుస్తుంది, వ్రేలూ దక్కుతుంది. మట్టె బిగిసినప్పుడు కాలు పైకెత్తి కొంతసేపు పడుకొని, చల్లని నీటిలో ముంచి, సబ్బో నూనెయో రాసి మెల్లగా త్రిప్పుతూ తీయాలి. వ్రేలు నల్లబడినా, స్పర్శ పోయినా ఆస్పత్రికి వెళ్ళాలి.

చెప్పులు సాయంకాలం కొనాలి. పాదం అప్పుడే పెద్దదిగా ఉంటుంది. కడుపు పెరిగినకొద్దీ శరీరపు గరిమనాభి ముందుకు జరుగుతుంది గనుక ఎత్తు మడమల జోళ్ళు పనికిరావు. బొత్తిగా పలుచని అట్టలు కూడ అరికాలికి ఆసరా ఇవ్వవు. అడుగు వెడల్పుగా, జారకుండా, మడమ వెనుక పట్టీ కలిగి ఉండడం మేలు. తన పాదాలు తనకే కనిపించని నెలలలో స్నానాలగది తడినేల కూడ ఒక గండమే.

గోళ్ళు చెప్పే సంగతులు

గోరు కెరాటిన్ అనే మాంసకృత్తుతో ఏర్పడినది. చేతిగోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. కాలిగోరు పెరుగుదల అందులో సగానికి మించదు. బొటనవ్రేలి గోరు పూర్తిగా కొత్తది రావడానికి ఏడాది నుండి ఏడాదిన్నర పడుతుంది. గర్భకాలంలో గోళ్ళు కొందరికి త్వరగా పెరుగుతాయి. కొందరికి పెళుసై చిట్లుతాయి. ప్రసవం తరువాత ఇవి సర్దుకొంటాయి.

స్నానమైన తరువాత గోరు మెత్తగా ఉంటుంది, అప్పుడే తీయాలి. కాలిగోళ్ళను అడ్డంగా తిన్నగా కత్తిరించాలి గాని మూలలు లోతుగా తొలచరాదు. అట్లా తొలచిన గోరు పెరిగేటప్పుడు ప్రక్కనున్న వాచిన కండలోకి దిగుతుంది. సూక్ష్మజీవులు చేరి చీము పడుతుంది. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్న సామెత ఆ బాధ ఎరిగినవారు పుట్టించినదే. దానిని పిన్నీసుతో పొడవడం, బ్లేడుతో కోయడం అపాయం. గోరువెచ్చని ఉప్పునీటిలో రోజుకు రెండుమూడుసార్లు నానబెట్టి, తగ్గకున్నా, చీము కనిపించినా డాక్టరుకు చూపాలి. నీటి వేడిని పాదంతో కాక మోచేతితో పరీక్షించాలి. మధుమేహం ఉన్న గర్భవతులు చిన్న పుండును కూడ ఉపేక్షించరాదు.

ఏడవ నెల దాటిన తరువాత తన గోళ్ళు తాను తీసికొనడం చాలమందికి సాధ్యం కాదు. తల్లిగాని, తోడికోడలుగాని, భర్తగాని ఆ పని చేయాలి. భార్య కాళ్ళు పట్టుకోవడమేమిటని సంకోచించే మగవారు, ఆ కాళ్ళు ఇప్పుడు ఇద్దరిని మోస్తున్నవని గుర్తుచేసికొంటే చాలు.

రంగు వేయని గోరు రక్తహీనతకు ఒక అద్దం. గోరును నొక్కి వదలినప్పుడు గులాబిరంగు తిరిగి వస్తుంది. రంగే పాలిపోయి ఉన్నా, గోరు గరిటెవలె గుంటపడి ఉన్నా రక్తపరీక్ష చేయించాలి. ఆస్పత్రికి వెళ్ళేటప్పుడు గోళ్ళరంగు తుడుచుకొని వెళ్ళడం మంచిది.

వట్టికాళ్ళతో వచ్చే శత్రువు

మన పొలాలలోను పెరళ్ళలోను వట్టికాళ్ళతో తిరిగే స్త్రీలకు పాదం గుండానే మరొక ఆపద వస్తుంది. అది కొంకిపురుగు. మలంతో కలిసిన తడినేలలో దీని పిల్లపురుగులు పెరిగి, అరికాలి చర్మాన్ని తొలుచుకొని లోపలికి ప్రవేశిస్తాయి. కైరో నగరంలో పనిచేస్తున్న జర్మను శాస్త్రజ్ఞుడు ఆర్థర్ లూస్ చేతిమీద ఒకనాడు ఈ పురుగులున్న నీరు ఒలికింది. అక్కడ దురద పుట్టడం గమనించి, పురుగులు చర్మం ద్వారా ప్రవేశిస్తాయని ఆయన 1898లో ప్రకటించాడు. అవి రక్తంతో ఊపిరితిత్తులకు, అక్కడినుండి గొంతుకు, పిదప ప్రేగులకు చేరి, గోడను కొరికి పట్టుకొని రక్తం పీలుస్తాయి. రెండు జాతులలో చిన్నది రోజుకు 0.03 మిల్లీలీటరు రక్తం హరిస్తుంది. నూరు పురుగులుంటే రోజుకు 3, నెలకు 90 మిల్లీలీటర్లు. రెండవ జాతి దీనికి అయిదు రెట్లయినా తాగుతుంది.

గర్భకాలం మొత్తంమీద స్త్రీకి సుమారు ఒక గ్రాము ఇనుము అదనంగా కావాలి. ఆ సమయంలోనే ఈ నష్టం! 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో గర్భవతులలో నూటికి 52 మంది రక్తహీనులు. దీనికి కొంకిపురుగు ఒక్కటే కారణం కాదు. కాని ఒక జత చెప్పులతోను, మరుగుదొడ్డి వాడకంతోను తొలగించగల కారణం. 2018లో ప్రారంభమైన రక్తహీనతా నిర్మూలన పథకం క్రింద గర్భవతులకు 180 రోజులు ఇనుము మాత్రలు, రెండవ మూడు నెలలలో ఒకసారి నులిపురుగుల మాత్ర ఇస్తారు. చెప్పులు వేసికొంటే ముల్లు, మేకు దిగే భయమూ తగ్గుతుంది. ధనుర్వాతపు టీకా మాత్రం తప్పక వేయించుకోవాలి.

అలంకరణ, మందులు

సీమంతంనాడు పాదాలకు పసుపు, పారాణి పెడతారు. పసుపుకు సున్నం తగిలితే ఎర్రబడడం విద్యార్థులెరిగిన క్షారపరీక్షయే. పగుళ్ళున్న చర్మానికి ఆ సున్నం మంట కలిగిస్తుంది. పగుళ్ళు మానిన పిమ్మటనే పెట్టుకోవాలి. నూరిన గోరింటాకువలన సాధారణంగా హాని లేదు. నల్లగా పండుతుందని చెప్పి అమ్మే ముద్దలలో జుట్టురంగులో వాడే రసాయనం కలుపుతారు; దానివలన బొబ్బలు రావచ్చును గనుక మానడం మంచిది. పగుళ్ళకు రాత్రులు కాళ్ళు కడిగి, తుడిచి, కొబ్బరినూనెగాని వాజిలీనుగాని రాస్తే చాలు. బ్లేడుతో మడమలు చెక్కరాదు.

కాలినొప్పులకు దుకాణంలో అడిగి మాత్రలు వేసికొనడం అన్నిటికంటె ప్రమాదం. డైక్లోఫెనాక్, ఇబూప్రోఫెన్ వంటివి గర్భం 20 వారాలు దాటిన తరువాత బిడ్డ మూత్రపిండాలకు హాని చేయవచ్చును. చివరి నెలలలో బిడ్డ గుండెదగ్గరి రక్తనాళానికి కూడ ముప్పు. చీముకు వాడే టెట్రాసైక్లిన్ బిడ్డ పళ్ళ రంగు చెడగొడుతుంది. గోళ్ళకు పట్టిన బూజుకు మింగే మందులను ప్రసవానంతరానికి వాయిదా వేయడమే వైద్యుల పద్ధతి.

ఉపాధ్యాయులకు ఒక మాట

ద్రవపీడనం పాఠంలో ఆనకట్ట అడుగు ఎందుకు వెడల్పుగా కడతారో చెబుతాము. అదే పాఠంలో గర్భవతి పాదం సంగతి కూడ చెప్పవచ్చును. విద్యార్థి ఇంటికి పోయి తన అక్కనో వదిననో మూడు ప్రశ్నలు అడగగలడు: వాపు రెండు కాళ్ళకూ సమానంగా ఉన్నదా? ఉదయానికి తగ్గుతున్నదా? ముఖం, చేతులు బాగున్నవా? ఒక్కదానికి "కాదు" అని జవాబు వచ్చినా అదే రోజున ఆరోగ్య కేంద్రానికి తీసికొనిపోవాలి. మూడింటికీ "అవును" అనే వచ్చినా, ప్రతి నెలా రక్తపు పోటు, మూత్రం పరీక్ష చేయించాలి. 2016 నుండి ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాలలో గర్భవతులకు ఉచిత పరీక్షలు జరుగుతున్నాయి. ఆ తేదీని తరగతిగది నల్లబల్ల మీద వ్రాసి ఉంచినా మేలే.